సంతోషం, డిటో

మొగలిపుట్టుగ,
9 జూలై 2024.

మావయ్యకి ప్రమోదిని నమస్కారాలు.

మీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఎడమ చెయ్యికి కొబ్బరి తాడు చుట్టి ఉన్నదే, అది. ఆ తాడు మీరు చుట్టిందేనని సన్యాసమ్మ చెప్పింది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, మీకు చెవులు బాగా మందగించాయని, ఫోనెత్తి "ఎవులు? ఎవులు?" అని అరిచి పెట్టేస్తున్నారని అత్తయ్య అంది. అందుకే ఉత్తరం.

మీరు రిటైరైన ఐదేళ్ళకి మీ లైబ్రరీయే నాకొచ్చింది. ఈ ఉద్యోగానికి చదవమని మా అమ్మ చెవిలో వేసింది మీరే కాబట్టి, ఇక్కడ మంచి జరిగినా చెడ్డ జరిగినా వినాల్సింది మీరే.

ఉన్నదల్లా నేనూ, అటెండరు ఢిల్లేశ్వరరావూ. పొద్దుటపూట తుడవడానికి సన్యాసమ్మ వస్తుంది. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, మీ కాలంలో లాగే. ఉప్పుగాలికి బీరువాలు తుప్పు పట్టాయి. ఢిల్లేశ్వరరావు వారానికోసారి వాటికి కొబ్బరినూనె రాస్తాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. పేపర్లు విడదీసి కర్రలకి బిగించడం, పాత క్యాలెండరు కాయితాలతో పుస్తకాలకి అట్టలేయడం, అన్నీ గడియారం తిరిగినట్టు చేసుకుపోతాడు. కానీ మొహంలో నవ్వు లేదు. "ఎలా ఉన్నారండీ?" అంటే "సరే మేడమ్" అంటాడు. ఇది జవాబా?

ఇక్కడ చేరేముందు విశాఖపట్నంలో మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. ఎమోషనల్ ఇంటెలిజెన్సు. నవ్వకండి. సుస్మిత గారని ఒకావిడ చాలా బాగా చెప్పారు. సిబ్బంది సంతోషంగా ఉంటేనే పాఠకుడు రెండోసారి వస్తాడట. కింద పనిచేసేవాళ్ళ మనసు తెలుసుకోవడమే పైవాళ్ళ మొదటి పనట. నేను ఆలోచించి ఒక రిజిస్టరు తెరిచాను. వరస నంబరు, తేదీ, పేరు, ఈ రోజు మనసు, కారణం, సంతకం. రోజూ పొద్దున్న రాగానే ముగ్గురం రాయాలి. ఇవాళ మొదటి రోజు. నేను "సంతోషం" అని రాసి, కారణం దగ్గర "కొత్త ఉద్యోగస్థలం" అని రాశాను. ఢిల్లేశ్వరరావు నా తరవాత "సంతోషం" అని రాశాడు. కారణం దగ్గర "ఏమీ లేదు" అన్నాడు. సన్యాసమ్మ మాత్రం "రాయండమ్మా, మోకాళ్ళు నొప్పి, కోడలి మీద కోపం" అని రాయించుకుని వేలిముద్ర వేసింది.

మీకు తెలిసిన మనుషులు కదా, ఒక్కొక్కరి గురించీ నాలుగు మాటలు రాయండి.

మీ ప్రమోదిని.


నందిగాం,
20 జూలై 2024.

అమ్మాయ్ ప్రమోదినీ,

నీ ఉత్తరం అందింది. మీ అత్తయ్య ముందు సదివేసి, తరవాత నాకిచ్చింది. నవ్వొద్దన్నావు గానీ నాను నవ్వినాను. మనసుకి రిజిస్టరేటే? నా సర్వీసులో పుస్తకాలకి రిజిస్టరు సూసినాను, పేపర్లకి సూసినాను, విరిగిన కుర్చీలకి కూడా సూసినాను. ఇదొక్కటీ సూడనేదు.

మనుషుల గురించి అడిగినావు. సన్యాసమ్మ వాగుతాది గానీ మంచిది. కిటికీ పక్క బల్ల దగ్గర కూకునే ముసిలాయన వేటకెల్లడం మానేసిన మనిసి. ఆయన పేపర్ని తలకిందులుగా పట్టుకున్నా ఏమీ అనకు, ఆయన కూకోడానికొస్తాడు. వానొస్తే పడమటి గోడ కారతాది, ఆ పక్క బీరువా ముందే జరిపించు.

ఢిల్లేశ్వరరావు పనోడు. మాట తక్కువ. ఆడిని అడక్కు, పని సెప్పు. అంతే.

తోటలో జీడిచెట్ల కింద సుబ్బరం చేయించాను. ఈ ఏడు కాపు ఏమంత లేదు. ఒంట్లో బాగానే ఉన్నాది. చెవులే లేవు.

కృష్ణారావు.


మొగలిపుట్టుగ,
18 సెప్టెంబర్ 2024.

మావయ్యా,

మీ పనోడి సంగతి వినండి.

రెండో రోజు నుంచి ఢిల్లేశ్వరరావు "సంతోషం" అని రాయడం మానేశాడు. డిటో. మనసు: డిటో. కారణం: డిటో. మనం పేపర్ల రిజిస్టరులో పై లైనులో ఉన్నదే కిందా రాయాల్సొస్తే డిటో పెడతాం కదా, అలాగే. నేను ఊరుకున్నాను. ఇవాళ పేజీ తిప్పి చూస్తే ముప్పయ్యో తారీకు దాకా డిటోలు వేసేసి ఉన్నాయి. ఇవాళ పద్దెనిమిది! పన్నెండు రోజుల సంతోషం అడ్వాన్సుగా రాసేసుకున్నాడు మహానుభావుడు. పిలిచి అడిగితే, "ఎలాగూ అదే కదా మేడమ్, ఖాళీగా ఉన్నప్పుడు వేసేశాను" అన్నాడు. వెటకారం కూడా కాదు, నిజంగానే అన్నాడు.

వాళ్ళింటి సంగతి సన్యాసమ్మ చెప్పింది. భార్య పేరు పెద్దతల్లి, ఆవిడకి కిడ్నీలు పోయి మూడేళ్ళుగా డయాలిసిస్ నడుస్తోందట. సోమ, బుధ, శుక్రవారాలు పలాస. కూతురు సాహిత్య అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తూ పొద్దున్నే తల్లిని ఆస్పత్రిలో దింపుతుంది. పదకొండింటికి లైబ్రరీ మూయగానే ఇతను బస్సెక్కి వెళ్ళి, భార్యని పట్టుకుని తీసుకొచ్చి, అన్నం పెట్టి, నాలుగింటికి తలుపు తీస్తాడు. ఒక్క నిమిషం ఆలస్యం కాడు. మన వేళల మధ్య ఆ ఐదు గంటల ఖాళీ లేకపోతే ఆవిడ ఇంటికి చేరడమే కష్టమట.

ఈ ఊళ్ళో ఇంటికొకరికి కిడ్నీ జబ్బే, ఇది కొత్త సంగతి కాదని నాకూ తెలుసు. కానీ రోజూ నాతో పనిచేసే మనిషి నాకు చెప్పొద్దా? శిక్షణలో నేర్పినట్టు ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఆవిడ ఆరోగ్యం గురించి మాట్లాడుకుందామా?" అన్నాను. "బాగానే ఉంది మేడమ్" అని లేచిపోయాడు. మర్నాడు మళ్ళీ డిటో. శనివారం టీ, మిక్చరు తెప్పించి కష్టసుఖాలు చెప్పుకుందామన్నాను. సన్యాసమ్మ గంట మాట్లాడింది. అతను నిలబడి టీ తాగి, గ్లాసులు కడిగేశాడు.

నాకు ఒళ్ళు మండింది మావయ్యా. నేను మనిషిలా కనిపించడం లేదా ఇతనికి?

ప్రమోదిని.


నందిగాం,
6 అక్టోబర్ 2024.

ప్రమోదినీ,

జవాబు ఆలస్యమైంది. జరం తగిలింది, తగ్గింది.

పెద్దతల్లికి మూడేళ్ళ నుంచి అని రాసినావు. డయాలిసిస్ మూడేళ్ళ నుంచి. రోగం అంతకు ముందు నుంచీ ఉన్నాది. ఆ సంగతి నాకు తెలుసు.

నీమీద కోపంతో ఆడు అలగ చేయడు. ఆడిని అలగ ఒగ్గేయ్. నీకు చెప్పదగ్గది ఒకటే. ఢిల్లేశ్వరరావు ఎప్పుడైనా సెలవు చీటీ ఇస్తే, చదవకుండా సంతకం పెట్టు. ఏల అని నన్నడక్కు.

పడమటి గోడ సంగతేటి? బీరువా జరిపించినావా?

కృష్ణారావు.


మొగలిపుట్టుగ,
12 నవంబర్ 2024.

మావయ్యా,

బీరువా జరిపించాను. జరిపింది ఎవరో మీకు తెలుసు.

సెలవు చీటీ సంగతి రాశారు. నేను చేరి నాలుగు నెలలు దాటింది, అతను ఒక్క పూట కూడా సెలవు అడగలేదు. సెలవుల ఫైలు తెరిచి చూస్తే నాకు ముందున్నావిడ ఐదేళ్ళలోనూ ఒక్కటి లేదు. మనిషికి జ్వరమైనా రాదా?

అసలు విషయం ఇది. పై ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. పాఠకులు తక్కువున్న చోట ఇద్దరక్కర్లేదట, సర్దుబాటట. ఇక్కణ్ణుంచి ఒకరిని రణస్థలం దగ్గర ఒక బ్రాంచికి పంపుతారట, ఎవరిని వదులుకోగలరో నన్నే రాయమన్నారు. నేనైనా అతనైనా. జిల్లాకి ఆ చివర కదా, రోజూ వెళ్ళి రావడం అయ్యే పని కాదు.

ఇంకా ఏమీ రాయలేదు. ఆలోచిస్తున్నాను. మీరైతే ఏం చేసేవారు?

ప్రమోదిని.


నందిగాం,
15 నవంబర్ 2024.

ప్రమోదినీ,

ఉత్తరం అందిన గంటలో రాస్తున్నాను.

ఆడి పేరు రాయకు. అక్కడికి పంపితే ఆడు వారానికోసారి ఇంటికొస్తాడు. పెద్దతల్లికి వారానికి మూడు సార్లు. మధ్యాన్నం ఆ మనిసిని ఆస్పత్రి మంచం మీద నుంచి లేపి, ఆటో ఎక్కించేదెవులు? ఆడి గుంట సాహిత్య ఫ్యాక్టరీ మానేసి వస్తే తిండేటి? ఆ అయిదు గంటలే ఆ ఇంటికి ఆధారమని నువ్వే రాసినావు కదా.

నవ్వనేదని, నీతో మాటాడనేదని మనిసిని ఊరు దాటించేత్తావేటి? నీ పేరు రాయడం ఇష్టం లేకపోతే ఇద్దరం కావాలని రాయి. ముసిలాయన కోసం కావాలని రాయి, సముద్రం కోసం కావాలని రాయి, ఏదో ఒకటి రాయి.

నిన్నెప్పుడూ ఏదీ అడగనేదు నాను. ఇది అడుగుతన్నాను.

కృష్ణారావు.


మొగలిపుట్టుగ,
21 డిసెంబర్ 2024.

మావయ్యా,

పోయిన ఉత్తరంలో మీకు అబద్ధం చెప్పాను. "ఇంకా ఏమీ రాయలేదు" అన్నాను. అప్పటికే ఎనిమిది రోజుల కిందట ఢిల్లేశ్వరరావు పేరు రాసి పంపేశాను. మీరు వద్దంటారని తెలుసు. అయినా మీ చేత ఔననిపించుకోవాలని అలా అడిగాను. మీ ఉత్తరం చదివాక నెల రోజులు జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

దానికి తోడు ఇంకో ఘనకార్యం చేశాను. మా బ్రాంచిలో సిబ్బంది ఎంత సంతోషంగా ఉన్నారో పైవాళ్ళకి తెలియాలని రిజిస్టరు కాపీలు జతచేశాను. శభాష్ అంటారనుకున్నాను. మొన్న ఆర్డరు వచ్చింది. అందులో మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను: "సదరు ఉద్యోగి జూలై నుండి ప్రతి దినమూ సంతోషంగా ఉన్నట్లు స్వహస్తంతో నమోదు చేసినందున, బదిలీకి వ్యక్తిగతమైన ఇబ్బందులేవీ లేవని భావించడమైనది." జనవరి ఆరున అక్కడ చేరాలి.

ఢిల్లేశ్వరరావు ఆర్డరు రెండుసార్లు చదివాడు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. తరవాత వెళ్ళి రిజిస్టరులో ఆ రోజు గడిలో డిటో పెట్టి సంతకం చేశాడు. అప్పుడు నాకు భయం వేసింది. "ఇంట్లో ఇలా ఉందని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ పని జరిగేది కాదు కదా, ఎందుకు రాయలేదు?" అని అరిచాను. లైబ్రరీలో అరిచాను, ముసిలాయన పేపరు దించి చూశాడు.

ఢిల్లేశ్వరరావు అన్నది ఇది: "ఒకసారి రాశాను మేడమ్. చాలు."

ఎప్పుడు, ఎవరికి అంటే చెప్పలేదు. వెళ్ళి పేపర్లు సర్దుకున్నాడు.

ఎవరికి రాశాడు మావయ్యా? ఏం రాశాడు? మీకు తెలుసు. "ఏల అని నన్నడక్కు" అన్నప్పుడే నేను అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను.

ప్రమోదిని.


నందిగాం,
27 డిసెంబర్ 2024.

ప్రమోదినీ,

నాకే రాసినాడు.

తిత్లీ తుఫాను నీకు గుర్తుంటాది. రెండువేల పద్దెనిమిది అక్టోబరు. ఉద్దానంలో కొబ్బరి చెట్టన్నది నిలబడనేదు. లైబ్రరీ పైకప్పు రేకులు లేచిపోయి పుస్తకాలన్నీ తడిసిపోనాయి. ఆ పుస్తకాలు నా ప్రాణం అనుకునీవోణ్ణి. ఢిల్లేశ్వరరావూ నానూ రోజూ ఎండలో ఆరబెట్టీవోల్లం, ఒక్కో పేజీ విడదీసి. ఆడిల్లు కూడా సగం పోయింది. అయినా వచ్చీవోడు.

తుఫానెల్లిన పదిహేనో రోజున ఆడు సెలవు చీటీ తెచ్చినాడు. రెండు రోజులకి. కారణం అన్న చోట "మనసు బాగులేదు" అని రాసినాడు. అంతే.

నాకు కోపమొచ్చింది. ఊరంతటికీ మనసు బాగులేదు, నీకొక్కడికేనేటి అన్నాను. ఎర్ర సిరా పెన్ను తీసి చీటీ మీద "ఇది కారణం కాదు" అని రాసినాను. రాసి ఊరుకున్నానా? పేపరు చదవడానికొచ్చిన పదిమంది ముందు ఆడి చేతే పైకి చదివించినాను. ఆడు చదివినాడు. చదివేసి, ఎండలోకెల్లి పుస్తకాలు తిరగేసినాడు.

ఆరు నెలలకి తెలిసింది నాకు. ఆ వేళ పొద్దున్నే ఊరి డాక్టరు పెద్దతల్లిని చూసి, రక్తం పరీక్షకి విశాఖపట్నం తీసుకెల్లమన్నాడంట. ఆ రోగం పేరు కాయితం మీద పెడితే ఖాయమైపోతాదని ఆడి భయం. అందుకని మనసు అని రాసినాడు. నాను ఆ ఒక్క మాటా కొట్టేసినాను. తరవాత ఆడు సెలవు అడగనేదు, పరీక్షకీ తీసుకెల్లనేదు. ఎల్లేసరికి ఆలస్యమైపోయింది. ముందే వెల్తే బాగుపడీదో నేదో నాకు తెల్దు, డాక్టరు కూడా చెప్పలేడు. కానీ ఆ ఆరు నెలలు తీసింది నానే.

నువ్వు రిజిస్టరులో కారణం అని గడి గీసినానని రాసినప్పుడే నాకు ఆ చీటీ గుర్తొచ్చింది. అయినా నవ్వినానని రాసినాను. నీకు అప్పుడే చెప్పేసుంటే నువ్వు ఆడి పేరు రాసేదానివి కాదు. సిగ్గేసి చెప్పనేదు. రిటైరైనప్పుడు దండలేసి మంచి అధికారి అన్నారు, ఆ మాట పోతాదని చెప్పనేదు.

నువ్వొక్క అబద్ధం చెప్పినావు. నాను ఆరేల్లు దాచినాను.

ఆ చీటీ లైబ్రరీలోనే ఉన్నాది. మూడో బీరువా కింద అరలో, పాత సెలవుల ఫైలులో. దాని కాపీ తియ్యి. దీంతోపాటు నా సంతకంతో ఒక కాయితం పెట్టినాను, నా తప్పు నానే ఒప్పుకుని రాసినాను. రెండూ పట్టుకుని పై ఆఫీసుకెల్లు. ఆలస్యం చేయకు, ఆరో తారీకు దగ్గరకొచ్చేసింది.

కృష్ణారావు.


మొగలిపుట్టుగ,
30 జనవరి 2025.

మావయ్యా,

చీటీ దొరికింది. పుచ్చలేదు, చెదపట్టలేదు. మీ ఎర్ర సిరా కూడా వెలవలేదు.

మూడో తారీకున పై ఆఫీసుకి వెళ్ళాను. మీ కాయితం, చీటీ కాపీ, పెద్దతల్లి ఆస్పత్రి కాయితాలు ఇచ్చాను. ఆ కాయితాలు సాహిత్య ఇచ్చింది, తండ్రికి చెప్పకుండా. అక్కడాయన నెమ్మదస్తుడే. రిజిస్టరు కాపీలు ముందు పెట్టుకుని, "ఇదంతా అబద్ధమంటారా?" అన్నారు. అబద్ధమే అన్నాను. డిటో అన్నది చూడకుండా పెట్టేదేనని ఆయనకీ తెలుసు, ఆయన కింది ఉద్యోగం నుంచి పైకొచ్చినవారే. "మరి మీ వరసలో కూడా డిటోలే ఉన్నాయే?" అన్నారు.

నిజమే మావయ్యా. జూలై పదో తారీకు నుంచి నేను రాసిందీ అదే. నాకు తెలియకుండానే రాశాను. ఆ పుస్తకంలో అందరికంటే పెద్ద అబద్ధం నాది. మీకెప్పుడూ రాయలేదు, మా ఆయన వెంకటేష్‌తో నాకు రెండేళ్ళుగా మాటల్లేవు. ఆయన ఉండేది శ్రీకాకుళంలో. నేను మొగలిపుట్టుగ కోరుకుని వచ్చింది దూరమని. రణస్థలం వెళ్ళాలంటే ఆయన ఇంటి మీదుగానే వెళ్ళాలి. ఢిల్లేశ్వరరావు పేరు రాసిన రోజు, అతని మీద కోపంతో రాస్తున్నాననుకున్నాను. కోపం సగమే. నేను ఆ దారిన వెళ్ళకూడదని రాశాను. ఒకరి మనసు తెలుసుకోవడం గురించి నేర్చుకొచ్చిన దాన్ని, నా మనసు ఇంత దాకా నాకు తెలియలేదు.

అందుకని అతని బదులు నన్ను పంపమని అక్కడే కూర్చుని రాసిచ్చాను. త్యాగమని అత్తయ్యతో అనకండి. నాకు సిగ్గు తప్పించుకునే దారి అదొక్కటే కనిపించింది. ఆర్డరు మారింది. నేను ఏప్రిల్ ఒకటిన అక్కడ చేరాలి. ఇక్కడ ఢిల్లేశ్వరరావే ఇన్‌ఛార్జి.

ఈ మాట అతనికి చెప్పాను. మీరు రాసిన కాయితం చూపించాను. నిలబడి చదివాడు. చదివాక, "మాస్టారికి చెవులు అస్సలు వినబడటం లేదా మేడమ్?" అని అడిగాడు. అంతే అడిగాడు.

ప్రమోదిని.


నందిగాం,
9 ఫిబ్రవరి 2025.

ప్రమోదినీ,

ఆడు అడిగిన మాట మూడుసార్లు చదువుకున్నాను.

నాను రావాలా? వస్తే ఏటనాలి? ఆడు చెప్పేది నాకు వినపడదు, నాను అరిస్తే ఊరంతా వింటాది. అలగని రాకపోతే బాగుంటాదా? నువ్వే చెప్పు.

ఈసారి ఉత్తరం ముందు నా చేతికే వచ్చింది, వెంకటేష్ సంగతి మీ అత్తయ్యకి చూపించనేదు. ఆ కాయితం వరకూ దాచేసినాను. నీకు ఏది మంచిదో నాకు తెల్దు గనక ఏమీ చెప్పను. ఆ దారిన వెల్తే మాత్రం, వెల్లినానని రాయి.

కృష్ణారావు.


మొగలిపుట్టుగ,
17 మార్చి 2025.

మావయ్యా,

మీరు రావద్దు. రావాల్సిన పని లేకుండా ఢిల్లేశ్వరరావే చేశాడు.

సామాన్లు సర్దుకుంటున్నాను. మనసుల రిజిస్టరు జనవరిలోనే మూసేశాను. చింపేద్దామంటే, "మంచి కాయితం మేడమ్, మిగిలిన పేజీలు పేపర్ల రిజిస్టరుకి వాడుకుంటాను" అన్నాడు. వాడుకోమన్నాను. సన్యాసమ్మకి మాత్రం బాధగా ఉంది. పొద్దున్నే కోడలి మీద చాడీ చెప్పడానికి ఇప్పుడు రిజిస్టరు లేదట. రోజూ ఢిల్లేశ్వరరావుకే చెప్తోంది. అతను వింటున్నాడు. మొన్న ఒకసారి నవ్వాడు కూడా. నన్ను చూసి ఆపేశాడు.

పెద్దతల్లిని చూడటానికి నిన్న వెళ్ళాను. మంచం మీద కూర్చుని నాకు కొబ్బరినీళ్ళు ఇచ్చింది. డయాలిసిస్ మనిషి, తను తాగకూడదు కదా, నేను తాగేదాకా చూసింది. "ఈ మడిసి ఇంట్లో కూడా ఇంతేనమ్మా, ఏటీ సెప్పడు. నానే సెప్పుకుంటాను" అంది.

ఇవాళ పొద్దున్న ఢిల్లేశ్వరరావు నా బల్ల మీద ఒక కాయితం పెట్టి వెళ్ళాడు. సెలవు చీటీ. మార్చి ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిది, రెండు రోజులు. మీరు చెప్పినట్టు చదవకుండా సంతకం పెట్టబోయాను. ఆగి, చదివాను. కారణం దగ్గర ఆరేళ్ళ కిందటి మాటే ఉంది. అదే చేతిరాత.

సన్యాసమ్మని అడిగితే శుక్రవారం ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళరట. భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే ఉంటారట.

నేను సంతకం పెట్టలేదు. అతన్ని పిలిచి, "ఇది మాస్టారికి పంపనా?" అని అడిగాను. "పంపండి" అన్నాడు. "పెన్ను రంగు ఆయన ఇష్టం" అన్నాడు.

చీటీ ఇందులో పెట్టాను. రిటైరైన మనిషి సంతకం చెల్లదని నాకు తెలుసు. కింద నేనూ పెడతాను. ఇరవయ్యారు లోపల అందేలా పంపండి.

ప్రమోదిని.


నందిగాం,
20 మార్చి 2025.

ప్రమోదినీ,

చీటీ అందింది. ఎర్ర పెన్ను ఎండిపోయుంటే బజారుకెల్లి కొత్తది కొన్నాను. మీ అత్తయ్య నీలం పెన్ను ఇవ్వబోయింది. వద్దన్నాను. ఆ వేళ రాసింది దేంతో అయితే ఇదీ దాంతోనే రాయాలి.

అక్షరాలు బాగా రానేదు. ముందు వేరే కాయితం మీద రెండుసార్లు రాసి చూసుకున్నాను.

ఆడు పైకి చదవక్కర్నేదని చెప్పు. చదువుతానంటే మాత్రం ఆపకు. ముసిలాయన ఉంటే ఆయన ముందు కూడా చదవనీ.

చీటీ మీద నాను రాసింది ఇది:

"కారణం చూశాను. ఇది కారణమే. రెండు రోజులూ మంజూరు. కృష్ణారావు, పాత లైబ్రేరియన్."